జట్టు పెట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వాళ్ళ కాలంలో హాకీ జట్టు పెట్టేవాళ్ళు లేరు కాబోలు. వుంటే ఆ సామెతకు మూడోమాట కూడా తప్పక చేర్చివుండేవారు.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది మా పాత విద్యార్థి ఒకడి మూలంగా. అతని పేరెందుకు లెండి, మన కుర్రవాడు అందాం. వూరు కొంగరకలాన్. కాలేజీలో నా క్లాసులో వెనకబెంచీలో కూర్చునేవాడు. ఛందస్సు గంటలో గణాలు విడదీయమంటే నోటుపుస్తకం చివరిపేజీలో హాకీ మైదానం బొమ్మ వేసుకునేవాడు. గురుకుల పాఠశాలలో చదివేటప్పుడు పట్టుకున్న కర్రను ఇంతవరకూ వదలలేదు. అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున్నే తండ్రిని వెంటబెట్టుకుని మా యింటికి వచ్చాడు.

"సార్, మీరు తెలుగు ఎమ్మే. ఉత్తరం మంచిగ రాస్తరు. కంపెనీలకు ఒక ఉత్తరం రాసియ్యండి. హాకీ టీం పెడుతున్న" అన్నాడు.

తండ్రి మాట్లాడలేదు. రుమాలు మోకాలిమీద పెట్టుకుని, మా గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

కొంగరకలాన్ ఎరగని పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని వూరు. కలాన్ అంటే ఫార్సీలో పెద్దది. ఖుర్దు అంటే చిన్నది. కొంగరకలాన్‌కు తోడుగా కొంగర ఖుర్దు కూడా వున్నది. జొన్న పండించుకుని, వాన కోసం ఆకాశం చూసుకుని బతికిన వూరిది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చి దీని పక్కనుంచి పోయింది. 2018 సెప్టెంబరు 2న ఇక్కడ జరిగిన రాజకీయ సభకు లక్షలాది జనం రావడంతో ఈ పేరు పత్రికలకెక్కింది. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరేటు ఇక్కడికే వచ్చింది. 2023 మేలో ఫాక్స్‌కాన్ వారి కార్ఖానాకు పునాదిరాయి పడింది. ఇంకేముంది? గుంట భూమి ఒకనాటి ఎకరం ధర పలకసాగింది. మా కుర్రవాడి తండ్రి కూడా కొంత అమ్మాడు. ఆ డబ్బులోంచి కొడుకు వాటాగా నలభై లక్షలు హాకీకి అడుగుతున్నాడు. ఇంట్లో పెళ్ళికెదిగిన చెల్లెలున్నది. తండ్రి మౌనానికి అర్థం అదీ.

"సార్ ఏది చెప్తే అది వింటడట. అందుకే వచ్చిన" అన్నాడు తండ్రి చివరికి. చూశారా, పాఠకులారా, నన్నెంత యిరకాటంలో పెట్టారో! నాకు హాకీ కొంచెం తెలుసు. వ్యాపారం బొత్తిగా తెలియదు. వారం గడువు అడిగి పంపించాను.

హాకీ తెలుసని ఎందుకన్నానంటే, 2005 సంవత్సరం జనవరిలో నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాను. ఆ నెలలో ప్రీమియర్ హాకీ లీగు అని కొత్తగా ఒకటి బయలుదేరింది. హాకీ సమాఖ్యా, ఒక క్రీడల టెలివిజన్ సంస్థా కలిసి పెట్టినది. రెండు సగాల ఆటను నాలుగు ముక్కలుగా కోశారు. మధ్యమధ్య ప్రకటనలకు వీలుగా వుంటుందని. మన జట్టు పేరు హైదరాబాదు సుల్తాన్స్. గచ్చిబౌలి మైదానం అప్పటికి కొత్త. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకు అక్కడే మనవాళ్ళు మగవారిలోనూ ఆడవారిలోనూ హాకీ స్వర్ణాలు గెలిచారు. హాస్టలు మిత్రులతో రెండు బస్సులు మారి వెళ్ళేవాళ్ళం. దీపాల వెలుగులో ఆ నీలి ఆకుపచ్చ తివాచీమీద బంతి జారిపోతుంటే, ధ్యానచంద్ కథలు విన్న చెవులకు కళ్ళు వచ్చినట్లయింది. ఆ యేడు సుల్తాన్సే విజేతలు. గొంతు పోయేట్టు అరిచి తెల్లవారి తరగతిలో మాట రాక మేష్టారిచేత చీవాట్లు తిన్నాను.

ఇప్పుడీ కుర్రవాడి పుణ్యమా అని ఇరవైయేళ్ళ తరువాత ఒక ప్రశ్న తోచింది. ఆ సుల్తాన్సు ఏమయ్యారు? వాళ్ళకోసం నేనేం ఖర్చు పెట్టాను? ఎంత ఆలోచించినా, మైదానం బయట తాగిన చాయ్, తిన్న పల్లీలు తప్ప మరేమీ గుర్తురాలేదు. ఆ డబ్బు చాయ్‌వాడికీ పల్లీలమ్మికీ పోయింది. జట్టు బొమ్మ వున్న చొక్కా ఒక్కటి కూడా కొనలేదు. అభిమానమంతా నాది, లాభమంతా పల్లీలమ్మిది అన్నమాట! 2008తో ఆ లీగు ముగిసింది. ఆ మార్చిలోనే చిలీ దేశంలో బ్రిటన్ చేతిలో ఓడి భారతజట్టు బీజింగ్ ఒలింపిక్సుకు అర్హత పోగొట్టుకున్నది. ఎనిమిది దశాబ్దాలలో అలా జరగడం అదే మొదలు. సమాఖ్యే తలకిందులైంది. పైకప్పు కూలితే కింద అద్దెకున్నవాళ్ళు మిగులుతారా? సుల్తాన్సూ లేరు, వాళ్ళతో ఆడినవాళ్ళూ లేరు.

వారంరోజులు కూర్చుని నాకు తెలిసిన జట్ల చరిత్రలన్నీ ఒక కాగితంమీద రాశాను. రాస్తూ రాస్తూ ఒకచోట కలం ఆగిపోయింది. మన హైదరాబాదు డెక్కన్ ఛార్జర్సు 2009లో ఐ.పి.ఎల్. కప్పు గెలిచారు. యజమానుల అప్పుల చిక్కులతో 2012లో ఆ జట్టే రద్దయింది. రాంచీ రైనోస్ 2013లో హాకీ ఇండియా లీగు మొదటి విజేతలు. 2014 సీజను తరువాత ఆ జట్టు లేదు. హైదరాబాదు ఎఫ్.సి. అని ఫుట్‌బాలు జట్టు 2019లో వచ్చింది. డబ్బు చాలక మూతపడిన పూనా జట్టు స్థానంలో వచ్చినది. 2022 మార్చిలో గోవాలో కప్పు గెలిచింది. తరువాత ఆటగాళ్ళ జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధాలు. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది. సుల్తాన్సు సంగతి పైన చెప్పనే చెప్పాను.

గమనించారా? వీళ్ళంతా ఓడిపోయి పోయినవాళ్ళు కారు. అందరూ కప్పు గెలిచినవాళ్ళే! ఆట గెలవడం ఒక విద్య, జట్టును బతికించడం మరో విద్య. మా కుర్రవాడి ప్రణాళికలో మొదటి విద్యకు పన్నెండు పేజీలున్నవి. రెండోదానికి ఒక్క వాక్యం: "ప్రైజు మనీ వస్తుంది."

సరే, ఆ ప్రైజు మనీ సంగతే చూద్దామని ఈ మధ్య లెక్కలు తీశాను. ఏడేళ్ళు ఆగిన హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరులో మళ్ళీ మొదలైంది. అందులో హైదరాబాదు తూఫాన్స్ అని మన జట్టొకటి. 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలంపాట. ఒక్కొక్క పురుషుల జట్టు ఆటగాళ్ళమీద నాలుగు కోట్లవరకు పెట్టవచ్చు. తూఫాన్స్ వారు గొంజాలో పెయ్యా అనే విదేశీ పెనాల్టీ కార్నర్ నిపుణుణ్ణి 68 లక్షలకు పాడుకున్నారు. బాగా ఆడారు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనలు దాకా వెళ్ళారు. బెంగాలు జట్టు చేతిలో 4-3తో ఓడారు. రెండోస్థానానికి బహుమతి రెండు కోట్లు. గెలిస్తే మూడు కోట్లు. అంటే, గెలిచినా కూడా ఆటగాళ్ళ వేలం ఖర్చే పూర్తిగా తిరిగిరాదు. లీగుకు కట్టే రుసుము, శిక్షకులు, విమానాలు, హోటళ్ళు వేరే. ఇది ఫైనలు దాకా వెళ్ళిన జట్టు సంగతి. ఏడో స్థానం, ఎనిమిదో స్థానంవాళ్ళ సంగతి మీరే వూహించుకోండి.

అంతకన్న నన్ను కష్టపెట్టిన విషయం మరొకటున్నది. ఆ సీజను పురుషుల ఆటలన్నీ రూర్కెలా, రాంచీలలోనే జరిగాయి. ఎనిమిది జట్లు, రెండే వూళ్ళు. ఖర్చు తగ్గడానికి అది మంచిదే. రూర్కెలాలో బిర్సాముండా స్టేడియం వున్నది, 2023 ప్రపంచకప్పుకు కట్టినది. జనం హాకీ అంటే ప్రాణం పెడతారు. కాని హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క ఆట ఆడకపోతే, హైదరాబాదువాడు ఎవరికి టికెట్టు డబ్బులివ్వాలి? ఇరానీ హోటల్లో కూర్చుని చర్చించడానికైనా ఒక సాయంత్రం కళ్ళతో చూసివుండాలి గదా! మూడు ఒలింపిక్సులు ఆడిన ముఖేష్‌కుమార్‌ను కన్న నగరం ఇది. ఆ నగరం పేరు పెట్టుకున్న జట్టు కోసం టీవీలో వెతుక్కోవలసి వచ్చింది.

విశాఖపట్నానికీ అందులో ఒక జట్టు వచ్చింది, తెలుసా? చాలామందికి తెలియదు. దాని పేరు టీం గోనాసిక. గోనాసిక అనేది ఒరిస్సాలో వైతరణీనది పుట్టినచోటు. పవిత్రమైన పేరే. కాని ద్వారకానగర్‌లోనో, గాజువాకలోనో నిలబడి "మన గోనాసిక" అనండి, "ఎవరమ్మాయి?" అని అడుగుతారు. తెలుగు మేష్టారిని గనుక పేరు విషయంలో నాకు చాదస్తం వుంటే వుండవచ్చు. కాని జట్టు పేరు అనేది అమ్మకపు సరుకులో మొదటిది. మరుసటి సీజనులో ఆ పేరు కనబడలేదు. 2025లోనే ఉత్తరప్రదేశ్ రుద్రాస్ యాజమాన్యం కూడా, ఈ ఖర్చుతో ఎక్కువకాలం నడపలేమంటూ తప్పుకున్నది. కోట్లున్నవాళ్ళ మాట ఇది, మన నలభై లక్షలవాడిది కాదు.

వారం తరువాత కుర్రవాడు వచ్చాడు. ఈసారి ఒక్కడే. వీడి మేనబావ అమెరికాలో డల్లాసు దగ్గర వుంటున్నాడు. ఆ బావే వీడికి ఈ పిచ్చి ఎక్కించినవాడు. "ఇక్కడ చిన్నచిన్న వూళ్ళకు కూడా హాకీ టీములున్నాయిరా, వ్యాపారంగా నడుపుతారు" అన్నాడట. నా ముందే ఫోను చేయించాను. పాపం, బావ నిజమే చెప్పాడు, సగం చెప్పాడు. అక్కడిది మంచుమీద ఆడే హాకీ, మనది కాదు. అల్లెన్ అనే వూళ్ళో పురపాలకసంఘమే సుమారు ఆరువేలమంది పట్టే మందిరం కట్టింది, 2009లో. జట్టు అందులో అద్దెకు ఆడేది. అక్కడ పెద్ద లీగు వేరే వున్నది. ఈ చిన్న జట్లు దానికి మొక్కలు పెంచే నారుమళ్ళలాంటివి. పెద్ద జట్టు తన కుర్రాళ్ళను కొందరిని వీళ్ళ దగ్గర పెట్టి తయారు చేసుకుంటుంది.

నన్ను ఆకర్షించిన అంకె ఒకటి. 1988లో అయిదు జట్లతో పుట్టిన ఈస్టుకోస్టు హాకీ లీగు అనేదానిలో జట్టుకు సీజనులో 72 ఆటలు. సగం, అంటే 36, సొంతవూళ్ళో. ముప్పైఆరు సాయంత్రాలు! ముప్పైఆరుసార్లు టికెట్టు అమ్మవచ్చు, తినుబండారాలు అమ్మవచ్చు, గోడచుట్టూ ప్రకటనలు అమ్మవచ్చు. పిల్లల పుట్టినరోజులు అక్కడే చేసుకుంటారట. అంత ఏర్పాటున్నా పడిపోయేవి పడిపోతూనే వుంటాయి. అల్లెన్ జట్టు మొదట ఆడిన సెంట్రల్ హాకీ లీగు 2014 అక్టోబరులో, సీజను తలుపు తట్టే సమయంలో మూతపడింది. మిగిలిన ఏడు జట్లు పరుగున వెళ్ళి ఈస్టుకోస్టు లీగులో చేరి ప్రాణం దక్కించుకున్నాయి.

"వాళ్ళకు ముప్పైఆరు. మనకెన్ని?" అని అడిగాను.

కుర్రవాడు తన కాగితం తీశాడు. పాఠకులు నవ్వకూడదు సుమా, వాడు చాలా శ్రమపడి రాసుకొచ్చాడు. ఇరవైమంది ఆటగాళ్ళకు నెలకు పదిహేనువేల చొప్పున నాలుగు నెలలు: 12 లక్షలు. శిక్షకుడికి లక్షా అరవైవేలు. వాళ్ళకు తిండి, బస మనిషికి రోజుకు నాలుగువందలు, 120 రోజులు: 9 లక్షల 60 వేలు. కర్రలు, గోలుకీపర్ల సరంజామా 3 లక్షలు. బస్సు, అద్దె తివాచీ మైదానం 5 లక్షలు. అంపైర్లు, దుస్తులు, బీమా, దెబ్బలకు వైద్యం 5 లక్షలు. మొత్తం 36 లక్షల 20 వేలు. ఆదాయం: కంపెనీలు 15 లక్షలు, ప్రైజు 10 లక్షలు, టికెట్లు 5 లక్షలు.

"ఆడేది ఎవరితో?" అన్నాను.

"అదే సార్, ఆరు టీముల లీగు పెడదమనుకుంటున్నం. నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్..."

"అంటే, ఇంకా అయిదుగురు తండ్రులు పొలాలమ్మాలి."

వాడు కాసేపు మాట్లాడలేదు. హాకీ జట్టు వ్యాపారంలో వున్న అసలు వింత ఇదే. కిరాణాకొట్టు పెట్టినవాడికి పక్కవీధి కొట్టు మూతపడితే లాభం. జట్టు పెట్టినవాడికి మాత్రం పోటీదారు దివాళా తీస్తే తనకూ దివాళాయే. ఎదుటివాడు బతికివుంటేనే తన సరుకు తయారయ్యేది.

టికెట్ల లెక్క కూడా విడదీశాం, గణాలు విడదీసినట్టు. టికెట్టు యాభై రూపాయలంటే 5 లక్షలకు పదివేల టికెట్లు. ఆరు జట్లలో సొంతవూళ్ళో ఆడేవి అయిదు ఆటలు. ఆటకు రెండువేలమంది రావాలి, డబ్బు పెట్టి కొనుక్కుని. 2018లో ఇదే వూరికి లక్షలమంది వచ్చారు నిజమే. ఆరోజు గేటుదగ్గర యాభై రూపాయల టికెట్టు లేదు.

మైదానం సంగతి ఇంకా చిక్కు. 1976 మాంట్రియల్ ఒలింపిక్సు నుంచీ పెద్ద హాకీ అంతా కృత్రిమపు తివాచీమీదే. పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55. పరిపించాలంటే కోట్లలోమాట. పైగా దానికి నీళ్ళు తడపాలి. బోర్లు ఎండిన వూళ్ళో ఆటకోసం నీళ్ళు! వీడికి అందుబాటులో వున్నది మొరం నేల. తివాచీ కావాలంటే రింగురోడ్డుమీద ముప్పై కిలోమీటర్లకు తక్కువ కాకుండా పోవాలి. అక్కడిదాకా పోయి ఆడితే, కొంగరకలాన్ జట్టును కొంగరకలాన్‌వాళ్ళు చూసేదెట్లా? మళ్ళీ తూఫాన్స్ కథే.

కబడ్డీని చూసి హాకీవాళ్ళు కుళ్ళుకోవడం ఇందుకే. 2014 జూలైలో ప్రో కబడ్డీ పుట్టింది. మరుసటియేడే స్టార్ టెలివిజన్ దానిలో 74 వంతులు కొనేసింది. ప్రసారం చేసేవాడే యజమాని గనుక ప్రసారానికి ఢోకా లేదు. ఏడుగురు ఆటగాళ్ళు, నాలుగు చాపలు, ఒక పైకప్పు. ఆడేవాడి ముఖం, తొడచరచడం, వూపిరి బిగపట్టడం అంతా తెరమీద కనిపిస్తుంది. హాకీలో బంతే కనిపించదు. మన తెలుగు టైటాన్స్ మొదటియేడు విశాఖలో ఆడారు, తరువాత హైదరాబాదులోనూ ఆడారు. మొదటి పది సీజన్లలో ఒక్కసారీ కప్పు తేలేదు. అయినా జట్టు నిలిచింది! పైన చెప్పిన గెలిచినవాళ్ళ జాబితా పక్కన దీన్ని పెట్టి చూడండి.

ఇక్కడ నాకు సురభివారు గుర్తుకొస్తారు. 1885లో కడపజిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజం ఇన్ని తరాలు ఎట్లా నిలిచింది? కుటుంబమే కంపెనీ, కంపెనీయే కుటుంబం. జీతాల పట్టీ లేదు. సరంజామా అంతా వాళ్ళదే. జనం వాళ్ళ దగ్గరకు రారని తెలిస్తే వాళ్ళే డేరా ఎత్తుకుని జనం దగ్గరకు పోయేవారు. కొంత కడుపుమాడ్చుకునే నిలిచారనుకోండి. ఆ మాట దాచకూడదు.

మన దేశంలో హాకీని ఇంతకాలం బతికించింది కూడా టికెట్టు కాదు, ఉద్యోగం. రైల్వేలు, పోలీసులు, సైన్యం, బ్యాంకులు తమ జట్లు పెట్టి, ఆటగాడికి నెలజీతం ఇచ్చి, పెన్షను దాకా చూశాయి. కర్ర వదిలాక కూడా కంచం వుండేది. లీగు ఇచ్చేది ఎక్కువ కావచ్చు. కాని అది పండుగనాటి భోజనం. నాలుగునెలల జీతంకోసం ఆ ఇరవైమంది పిల్లలు చేస్తున్న చిన్న ఉద్యోగాలు మానుకుంటే, అయిదోనెలలో వాళ్ళ ఇళ్ళముందు ఎవరు నిలబడతారు? ఈ మాట అన్నప్పుడు కుర్రవాడి కళ్ళు చెమ్మగిల్లాయి. తన డబ్బు పోతుందంటే చలించనివాడు దానికి చలించాడు. ఆ క్షణాన వీడిమీద నాకు గౌరవం పుట్టింది, ఎందుకు దాచాలి?

ఉత్తరం రాశాను. నలభై లక్షల జట్టు కోసం కాదు. ఆదివారాలు పొద్దున బడి మైదానంలో, పద్నాలుగేళ్ళలోపు పిల్లలు పద్ధెనిమిదిమంది, వూరి మొరంమీదే, పక్క వూళ్ళనుంచి మూడు జట్లు. కర్రలకు, మోకాలిపట్టీలకు, ఒక గోలుకీపరు సరంజామాకు మాత్రమే సహాయం అర్థిస్తూ. ఆరు కంపెనీలకు పంపాం. ఒక పెద్ద కార్ఖానావారు మా లేఖ అందిందనీ, పరిశీలనలో వున్నదనీ జవాబిచ్చారు. ఆరునెలలైంది, పరిశీలన సాగుతూనే వుంది. మిగిలిన అయిదుగురూ ఆమాత్రమూ అనలేదు.

తండ్రి మళ్ళీ వచ్చాడు. డబ్బు బ్యాంకులో కూతురి పేరన కొంత, భార్య పేరన కొంత వేశాడట. కొడుక్కు లక్షన్నర ఇచ్చాడట. "మేము వానకోసం మొగులుదిక్కు చూసినోళ్ళం సార్. ఇప్పుడు వీడు స్పాన్సరుకోసం రోడ్డుదిక్కు చూస్తుండు" అని నవ్వాడు. నాకు తెలిసి ఆయన నవ్వడం అదే మొదటిసారి.

పోయిన నెల మొదటి ఆటకు నన్ను పిలిచారు. గోలుపోస్టులు వెదురువి. మా పిల్లలు 5-1తో ఓడిపోయారు. దుస్తులు మాత్రం కొత్తవి. కలెక్టరేటుదారిలో టిఫిను బండి నడిపే ఆయన ఇచ్చాడు. డబ్బు రూపంగా కాదు. చొక్కాలు కుట్టించి, ప్రతి ఆదివారం ఆట ముగిశాక పిల్లలందరికీ ఇడ్లీలు. బదులుగా బండి పేరు చొక్కామీద వుండాలి. ముందు ఛాతీమీద వేయిస్తామన్నారట మావాళ్ళు, గౌరవంగా వుంటుందని. ఆయన ఒప్పుకోలేదు.

"వద్దు, వెనుక వెయ్యండి. బంతి వెంట ఉరుకుతుంటే జనాలకు కనవడేది మీ వీపులే" అన్నాడట.